పార్టు కొత్తది, మోత ఉచితం

పూడిమడకలో సముద్రపు హోరు వినపడని చోటు ఒక్కటే ఉంది: కొత్తగా షాకులు మార్పించిన కారు లోపల. అద్దాలు దించుకుని తీరం పక్కనే వెళ్తున్నా సరే, లోపలున్నవాళ్ల చెవిన పడేది అలల చప్పుడు కాదు. ముందు ఎడమ చక్రం దగ్గర టక్. కాసేపాగి టక్ టక్. స్పీడు బ్రేకర్ దిగేటప్పుడు దడ్. నిలబెట్టి స్టీరింగు పూర్తిగా తిప్పితే బానెట్ కింద నుంచి తీగ మీటినట్టు టుయ్ఁ. అచ్యుతాపురం నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో గతుకులెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, ఆ కారు మాత్రం ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలుస్తుంది.

నెల కిందటి దాకా ఆ కారు నోరెత్తలేదు. కంపెనీవాడు బిగించి పంపిన షాకులు, స్ప్రింగులు, బుష్షులు ఎవరి కంటా పడకుండా తమ పని తాము చేసుకుపోతుండేవి. కారుబాబుకు నచ్చనిది అదే. ఫోనులో ఒకడు ఎర్ర స్ప్రింగులు వేయించి కారును రెండంగుళాలు లేపాడు. ఇంకొకడు పసుపు షాకులు వేయించి రెండంగుళాలు దించాడు. లేపినవాడూ మగాడే, దించినవాడూ మగాడే. కంపెనీ ఇచ్చిన ఎత్తులో తిరిగేవాడు మాత్రం రిటైరైన హెడ్మాస్టరు. ఆ పసుపు రంగు కళ్లారా చూడాలంటే చూసేవాడు రోడ్డు మీద వెల్లకిలా పడుకోవాలి. ఎవరు పడుకుంటారు? అయినా రంగు ముఖ్యం.

ఆ మాటకొస్తే ఊరి మీద కూడా పార్టుల మార్పిడి జరిగింది. ఎన్టీపీసీ మొదట ఇక్కడ 4000 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం అంది. బొగ్గు పోయి హైడ్రోజన్ వచ్చింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచే శంకుస్థాపన చేశారు. లక్షా 85 వేల కోట్ల రూపాయల పెట్టుబడి అన్నారు, రోజుకు 1500 టన్నుల హరిత హైడ్రోజన్ అన్నారు. టన్నుల లెక్క తేలింది. అక్కడికి చేరేలోపు నడుములకు తగిలే దెబ్బల లెక్క ఏ కాగితంలోనూ లేదు. సరే, అది ఇంకో రోజు రాయాల్సిన వ్యంగ్యాస్త్రం. ప్రస్తుతానికి కారు కిందికి దూరదాం.

మోత మొదలైన మర్నాడే విచారణ సంఘం కూర్చుంటుంది. పార్టులమ్మినవాడు ముందు నోరు విప్పుతాడు: "మా సరుకు అలాంటిది కాదు సార్, బిగింపులో తేడా." బిగించినవాడు: "నా చేతి బిగింపుకు పేరుంది, సరుకే లోకల్." అలైన్‌మెంట్ సెంటరువాడు తనకు తెలిసిన ఒకే ఒక్క మందు చెబుతాడు: "అలైన్‌మెంట్ చేయించండి, పోద్ది." షోరూంలో మెడకు ట్యాగు వేసుకున్న సలహాదారు కంప్యూటరు వంక చూస్తూ, బయట పార్టు వేయించారు కాబట్టి వారంటీ ఊసెత్తొద్దని, మొత్తం సెట్టు మార్చుకుంటే తప్ప గ్యారంటీ ఇవ్వలేమని చాలా మర్యాదగా చెబుతాడు. వీడియో గురువైతే ఏకంగా తత్వం బోధిస్తాడు: "అది నాయిస్ కాదు బ్రో, రోడ్ ఫీడ్‌బ్యాక్." బావమరిది ఒక్కడే ఆచరణ తెలిసినవాడు: "అమ్మేయ్ బావా."

ఇంతమంది మాట్లాడారా, ఒక్కరూ కారు కింద పడుకోలేదు.

ఆ తర్వాత కార్యక్రమం అందరికీ తెలిసిందే. మొదట లింకు రాడ్లు మారతాయి, ఎందుకంటే చవక. మోత తగ్గదు. తర్వాత టాప్ మౌంట్లు. ఒకరోజు తగ్గినట్టు అనిపిస్తుంది. డబ్బు పెట్టిన రోజు చెవులు కూడా మొహమాటపడతాయి. రెండో రోజు మళ్లీ టక్. అప్పుడు లోయర్ ఆర్మ్‌లు, బాల్ జాయింట్‌తో సహా. ఆపైన టై రాడ్లు. చివరికి ఎవడో "స్టీరింగ్ రాక్ పోయినట్టుంది" అంటాడు. ఆ ఒక్క మాట ఖరీదు అంతకుముందు మార్చిన అన్నింటికంటే ఎక్కువ. విప్పిన పాత పార్టులన్నీ, నిక్షేపంలాంటి పార్టులన్నీ, ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి డిక్కీలో పెట్టించుకుంటాడు కారుబాబు. డబ్బులిచ్చాడు కదా, ఎందుకు వదులుతాడు? ఇప్పుడు ఆ సంచిలోని ఇనుము కదిలి వెనక నుంచి కొత్తగా లడలడ. మర్నాడు వెనక షాకుల మీద విచారణ మొదలు.

నవ్వకండి. డిక్కీలో వదులైన జాకీ, బిగింపు తప్పిన స్టెప్నీ సస్పెన్షన్ గొంతును అచ్చు గుద్దినట్టు అనుకరిస్తాయి. సైలెన్సరు మీది రేకు వదులైనా అంతే. మోత వెతకడానికి కూర్చునే మేస్త్రి మొట్టమొదట చేయాల్సిన పని డిక్కీ ఖాళీ చేయడం. ఖర్చు సున్నా. సున్నా ఖర్చు పని కాబట్టే దాని జోలికి ఎవరూ పోరు.

కింద అసలు ఏముందో ఒకసారి చూద్దాం. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940లలో ఆలోచించిన అమరిక అది. స్ప్రింగు, షాకు, చక్రాన్ని నిలబెట్టే కంబం, మూడూ ఒకే స్తంభంలో. తేలిక, చవక, చోటు తక్కువ. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాల దగ్గర ఉన్నది అదే, ఇవాళ మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఉన్నదీ అదే. స్తంభం పైకొన బాడీకి తగిలేచోట ఒక రబ్బరు, ఒక బేరింగు. కిందికొన లోయర్ ఆర్మ్‌కు ఆనుకుని ఒక బంతి కీలు. ఆర్మ్ చాసిస్‌కు తగులుకునే చోట రబ్బరు బుష్షులు. కారు ఒరగకుండా రెండు పక్కలనూ కలిపే స్టెబిలైజర్ కడ్డీ, దాని రెండు చివర్లా లింకు రాడ్లు. ఇనుము ఇనుముతో మాట్లాడుకునే ప్రతిచోటా మధ్యవర్తిగా ఒక రబ్బరు ముక్క ఉంటుంది. ఆ మధ్యవర్తి అలిగినప్పుడే మనకు మోత.

పరమ హాస్యాస్పదమైన సంగతి ఆ రబ్బరు దగ్గరే ఉంది. లోయర్ ఆర్మ్ బుష్షు అంటే లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెంటినీ అతుక్కుని రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా నొక్కుకుపోతుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు రబ్బరే మెలి తిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అందుకే ఆ బోల్టును చివరిగా బిగించాల్సింది కారు నేల మీద, తన బరువు తాను మోస్తూ నిలబడినప్పుడు. సర్వీసు పుస్తకాల్లో మళ్లీ మళ్లీ రాసే మాటే ఇది. మన షెడ్లలో ఏం జరుగుతుంది? కారు గాల్లో ఉంటుంది, చక్రాలు కిందికి వేలాడుతుంటాయి, బోల్టులు బిగించే గన్ను చేతిలో ఉంటుంది, టీ వచ్చేసింది. గర్ర్ర్ మని ఒక్క నొక్కు. అక్కడికక్కడే అయిపోయింది. జాకీ దించిన క్షణం నుంచే ఆ రబ్బరు మెలి తిరిగి ఉంటుంది. కారు కదలకుండా ఇంటి ముందు నిలబడ్డా దానికి శిక్ష తప్పదు. కొన్నాళ్లు కిర్‌మంటుంది, తర్వాత చిరుగుతుంది. "చూశారా, కంపెనీది కాకపోతే ఇంతే" అంటారు. అదే చేత్తో, అదే గాల్లో, అసలైన కంపెనీ బుష్షు బిగించినా దాని గతీ ఇంతే. ఉరి తీసినవాడికి తాడు ఏ బ్రాండు అన్న పట్టింపు ఉండదు.

లింకు రాడ్లకూ ఇదే మర్యాద. ఒక చక్రం గాల్లో, ఒకటి నేల మీద ఉండగా బిగిస్తే కడ్డీ మెలికపడి, బోల్టు సరిగా కూర్చోదు. చిన్న చిన్న గతుకుల మీద, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వచ్చే టకటకకు అదే మొదటి అనుమానితుడు. పెద్ద గోతిలో పడితే నోరు మూసుకుని, చిన్న కంకర మీద గోల చేస్తుంది. రెండు లింకులూ విప్పి పక్కన పెట్టి, ఖాళీ దారిలో మెల్లగా ఒక చుట్టు తిరిగొస్తే నిజం తేలిపోతుంది: మోత పోయిందా, దోషి దొరికాడు, పోలేదా, లింకు రాడ్ల డబ్బు మిగిలింది. ఒక పానా, కాస్త టైము, అంతే పెట్టుబడి. మన పద్ధతి వేరు. ముందు శిక్ష వేసి, తర్వాత విచారణ జరిపి, చివర్లో నేరం ఏమిటో కనుక్కుంటాం.

షాకు పైకొనలోని నట్టు కథ ఇంకా కరుణరసం. లోపలి కడ్డీ తిరగకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పానాతో బిగించాల్సిన నట్టు అది. గన్ను పెడితే నట్టుతో పాటు కడ్డీ కూడా గిర్రున తిరుగుతుంది. నట్టు బిగిసిందని మనం అనుకుంటాం, లోపల సీలు మాత్రం దెబ్బతింటుంది. నట్టు అర చుట్టు వదులుగా ఉన్నా చాలు, ప్రతి గతుకుకూ బానెట్ కింద తలుపు తట్టినట్టే ఉంటుంది. షాకును పెట్టెలో పడుకోబెట్టి దూరాభారం తెచ్చారు కదా, బిగించేముందు నిలబెట్టి నాలుగైదుసార్లు సాగదీసి నొక్కితే లోపల తప్పుచోట చేరిన గాలి తన గదిలోకి తాను పోతుంది. అంత తీరిక ఎవరికుంది? స్ప్రింగు కొన దాని గాడిలో కూర్చుందా లేదా చూడటానికి వంగాలి. బంప్ స్టాపు, డస్ట్ కవరు పాతవే మళ్లీ వేశారా అని అడగాలి. రెండూ బిల్లులో లేని పనులే. ఇక నిలబెట్టి స్టీరింగు తిప్పినప్పుడు వచ్చే ఆ టుయ్ఁ, స్ప్రింగు మెలి తిరిగి ఒక్కసారిగా జారే చప్పుడు. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద అరచెయ్యి పెడితే బేరింగు పట్టేసిందో లేదో చేతికే తెలిసిపోతుంది.

మన తీర ప్రాంతానికి చెందిన ఇంకో సాక్షి ఉంది, అది ఉప్పుగాలి. తీరం ఊళ్లో కారు కింది బోల్టులు ఇంజనీరింగు కాలేజీలో చదువుకోకపోయినా తుప్పు గురించి అన్నీ తెలుసుకుంటాయి. మరలో తుప్పు పేరుకున్న పాత బోల్టును కొత్త ఆర్మ్‌కు ఎక్కిస్తే ఏమవుతుంది? తుప్పు మీద రాపిడికే పానా బిగుసుకుంటుంది. బిగువు కొలిచే టార్క్ పానా పెట్టినా "టిక్" మంటుంది. చూపించిన బిగువు బోల్టుది కాదు, తుప్పుది. లోపల గొట్టం ఇంకా వదులుగానే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా, రివర్సు తీసినప్పుడల్లా ఆర్మ్ అటూ ఇటూ జరిగి ఒక్కో టక్ కొడుతుంది. వైరు బ్రష్షుతో మర తుడవడానికి ఎంతసేపు? సమాధానం అక్కర్లేదు, వైరు బ్రష్షు కూడా బిల్లులో లేదు.

రేసు కార్ల బుష్షులు వేయించుకున్న ధీరులు ఇంకో తరగతి. రబ్బరు బదులు పాలీయూరెథేన్. గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది, నిజమే. కానీ రబ్బరులా మెలి తిరగదు, ఇనుము మీద రాసుకుంటూ తిరుగుతుంది. దానికి తగిన గ్రీజు పెట్టకపోతే పాత మంచం మీద దొర్లినట్టే మూలుగు. రేసు ట్రాక్ మీద ఇంజను అరుపులో ఆ మూలుగు ఎవరికీ వినపడదు. పూడిమడక సందులో రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చేవాడి కారు మూలుగు వీధంతటికీ వినపడుతుంది. ఆయన ఎన్నింటికి వచ్చాడో చెప్పడానికి ఇంట్లో ఎవరూ మేలుకోనక్కర్లేదు, ఆ ఒక్కటీ లాభం.

లేపిన బాబుల సంగతి. కారు రెండంగుళాలు లేస్తే చక్రానికి శక్తినిచ్చే ఇరుసు వాలు పెరుగుతుంది, దాని కీళ్లు అరిగే వేగమూ పెరుగుతుంది. మలుపులో టిక్ టిక్ టిక్ అన్నది దాని మాట. దీనికి తోడు చట్టం. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకూ రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నదానికీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి తెచ్చిన సవరణలో 182ఎ సెక్షనును తిరగరాశారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నారు, గమనించండి. మన బాబుల కార్లను లెక్కగట్టడానికి కూర్చుంటే ఆర్టీవో ఆఫీసుకు ఒక గుమాస్తాను ప్రత్యేకంగా వేయాలి. ప్రమాదం జరిగి బీమావాడు వచ్చి కిందికి వంగి చూసే రోజున మాత్రం ఆ పసుపు రంగు చక్కగా కనపడుతుంది.

మరి నకిలీ పార్టుల సంగతేమిటంటారా? ఉన్నాయి. పెట్టె అచ్చు, హోలోగ్రాం అచ్చు, లోపల సరుకు మాత్రం దేవుడి దయ. దీనికి మందు కూడా తెలిసిందే: కార్ల కంపెనీలకు షాకులు చేసి ఇచ్చే తయారీదారుల్లో కొందరు తమ సొంత పేరుతోనూ బజారులో అమ్ముతారు, వాటిని నమ్మకమైన డీలరు దగ్గర బిల్లుతో కొనుక్కోవచ్చు. కానీ కారుబాబుకు బిల్లు వద్దు, జీఎస్టీ కలిసొస్తుంది. బిల్లు లేకుండా కొని, మోత వచ్చాక అదే షాపు ముందు నిలబడి వినియోగదారుల హక్కుల గురించి ఉపన్యసిస్తాడు. సగం ధరకు కొన్నవాడు పూర్తి నాణ్యత అడగడం మన జాతీయ క్రీడ.

నా తగాదా నకిలీ పార్టుతో కాదు. గన్ను పట్టిన కుర్రాడితో కూడా కాదు, వాడికి ఎవరు నేర్పారని? నా తగాదా కారుబాబుతోనే. మోత ఎక్కడిదో కనుక్కోవడం ఒక పని అని అతను ఒప్పుకోడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి బాల్ జాయింట్ చూడాలి. పక్కలకు పట్టి ఊపి టై రాడ్ చూడాలి. గడ్డపారలాంటి రాడ్డు దూర్చి బుష్షు ఎంత కదులుతోందో చూడాలి. మోత వస్తుండగా బ్రేకు కాస్త తొక్కి చూడాలి, ఆగిపోతే అది సస్పెన్షన్ కాదు, కాలిపర్‌లో ప్యాడు క్లిప్పు. ఒకడు నడుపుతుంటే ఇంకొకడు పక్కన కూర్చుని చెవి పెట్టాలి. ఒకసారికి ఒకటే మార్చి, మళ్లీ నడిపి చూడాలి. ఇదంతా కలిపి గంటో రెండు గంటలో బుర్ర పెట్టి చేసే పని. ఆ గంటకు మన దగ్గర ధర లేదు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూస్తే ఫీజు ఇస్తాం, వకీలు కాగితం చదివితే ఇస్తాం, పెళ్లిచూపుల ముందు జాతకం చూసినాయనకు తాంబూలంలో పెట్టి మరీ ఇస్తాం. మేస్త్రి చూస్తే మాత్రం "చూసినందుకు డబ్బులా?" అంటాం. మేస్త్రికీ ఇల్లుంది, పిల్లలున్నారు. చూపుకు డబ్బు రాదని తెలిశాక చూడటం మానేశాడు. పార్టుకు డబ్బు వస్తుందని తెలిసింది, పార్టులు మారుస్తున్నాడు. బుద్ధి ఉన్న మనిషి ఎవడైనా అదే చేస్తాడు. మనం కొన్నదే మనకు అమ్ముతున్నాడు, అంతే.

నమ్మకపోతే ఏ రోడ్డు పక్క షెడ్డు దగ్గరైనా ఒక పూట నిలబడండి, ఈ నాటకం చివరి అంకం ఉచితంగా చూడొచ్చు. అన్ని పార్టులూ మార్చి విసిగిన కారుబాబు ఆఖరికి ఒక ముసలి మేస్త్రి దగ్గర తేలతాడు. ఆయన డిక్కీ ఖాళీ చేయిస్తాడు, రెండు చుట్లు తిప్పిస్తాడు, కింద దూరతాడు. ఒక బోల్టు విప్పి, మర తుడిచి, కారును నేల మీదికి దించి, అప్పుడు బిగిస్తాడు. మళ్లీ ఒక చుట్టు. మోత లేదు.

"ఏ పార్టు పోయింది మేస్త్రీ?"

"ఏదీ పోనేదు బాబూ. మర తుప్పట్టీసి బోల్టు సగంలో ఆగిపోయింది. తుడిసీసి బిగించీసినాను."

"ఎంత?"

"ఐదొందలిప్పించండి."

"పార్టేమీ వేయకుండా ఐదొందలా!"

ముసలాయన కాసేపు గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటాడు. ఇలాంటి బాబుల్ని చాలామందిని చూసినవాడు.

"పోనీ, లింకు రాడ్లు మార్చీసినట్టు రాసీమంటారా? పద్దెనిమిదొందలవుద్ది."

కారుబాబు మొహం విప్పారుతుంది. జేబులోంచి ఫోను తీస్తూ అడుగుతాడు:

"కంపెనీవేనా?"